సంతకంతో పోయిన ఉద్యోగం: మన కార్మిక కథకు ఒక ప్రశ్న

1

విమర్శకుడు తాను చెప్పిన తీర్పు తప్పని తెలుసుకున్నప్పుడు దాన్ని నలుగురిలో ఉపసంహరించుకోవాలి. తీర్పు చెప్పింది నలుగురిలోనే గనక. ఈ వ్యాసం రాయడానికి మొదటి కారణం అది. రెండో కారణం అంతకన్నా పెద్దది. ఆ తప్పు నా ఒక్కడిది కాదు. మన అభ్యుదయ కథావిమర్శలో చాలాకాలంగా పేరుకుపోయిన ఒక అలవాటు నా నోట పలికింది.

గత వేసవిలో విజయవాడలో సాహిత్య మిత్రులం నెలనెలా జరుపుకునే కథాపఠనానికి అవనిగడ్డ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. టెలిఫోను లైన్ల మీద 29 ఏళ్లు పనిచేసి, గడువుకు ముందే విరమణ తీసుకున్న మనిషి. అచ్చయిన కథ ఒక్కటీ లేదు. రూళ్ల నోటుబుక్కులో రాసుకొచ్చిన కథను అరగంటసేపు తలెత్తకుండా చదివారు. ఏ సంస్థలో పనిచేశారో కథలో లేదు. ఆ పేరు ఇక్కడా అవసరం లేదు.

కథ ఇది. ఒక లైన్‌మన్. అతని వెంట 14 ఏళ్లుగా తిరుగుతున్న ఒక కాంట్రాక్టు కుర్రాడు. ఇద్దరూ దివిసీమ నల్లరేగడిలో గోతులు తీసి కేబుళ్లకు జాయింట్లు వేస్తుంటారు. వానాకాలం కాలువగట్లు నాని జాయింట్లలోకి నీరు దిగితే ఊళ్లకు ఊళ్ల ఫోన్లు మూగబోతాయి. ఏ డి.పి. బాక్సులో ఏ జత తీగ ఎవరింటికి పోతుందో లైన్‌మన్‌కు కాగితం చూడకుండా తెలుసు. ఒక నెల జీతం ఆలస్యమవుతుంది. ఆఫీసులో పుకార్లు బయలుదేరతాయి. విరమణ వయసు తగ్గిస్తారట. దూరప్రాంతాలకు బదిలీ చేస్తారట. మొత్తానికే మూసేస్తారట. అంతలో విరమణ పథకం వస్తుంది. రాత్రి భోజనాలయ్యాక భార్యాభర్తలు కూతురి పాత పుస్తకం వెనక అట్ట మీద లెక్క వేస్తారు. చేసిన 29 ఏళ్లకు ఏడాదికి 35 రోజుల జీతం. మిగిలిన 7 ఏళ్లకు ఏడాదికి 25 రోజుల జీతం. పిల్ల పెళ్లి. ఇంటి అప్పు. లెక్క కుదురుతుంది. మర్నాడు అతను సంతకం పెడతాడు. చివరి రోజున తన కటింగ్ ప్లయరు కుర్రాడి చేతిలో పెడతాడు. కుర్రాడు ఒక్క మాట అడుగుతాడు: "అన్నా, నేను సంతకం పెట్టాల్సిన కాయితం ఏదీ లేదా?" కథ అక్కడ ఆగిపోతుంది.

నేను లేచి మూడు మాటలు చెప్పాను. ఒకటి, కథలో సంఘర్షణ లేదు. రెండు, ప్రధాన పాత్ర లొంగిపోయింది. లొంగిపోయినవాడు శ్రామికవర్గ ప్రతినిధి కాలేడు. మూడు, ముగింపు నిరాశావాదంలో పడింది. ఉద్యమ స్పృహ కొరవడింది. ఎవరూ కాదనలేదు. ఇద్దరు ముగ్గురు తలలూపారు కూడా.

పెద్దాయన నోటుబుక్కు మూశారు. "మీరు చదువుకున్నవారు మాస్టారూ, మీరు చెబితే నిజమే అయ్యుంటుంది. కాని ఆ రోజు మా ఆఫీసులో ఎవరూ అరవలేదండి. ఎవరూ ఏడవలేదు కూడా. అందరం కలిసి టీ తాగాం. నేను చూసిందే రాశాను. లేని గొడవ ఎక్కణ్నుంచి తెమ్మంటారు?" అన్నారు.

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఆయన ఆ తర్వాత మా గోష్ఠికి రాలేదు.

2

లేని గొడవను తెమ్మనే ముందు ఉన్న చరిత్రను చూడాలి. అది నేను ఆ రోజు చెయ్యని పని.

తపాలా తంతి శాఖ కార్మికులకు పోరాట చరిత్ర లేదని ఎవరూ అనలేరు. 1946 జులైలో వాళ్లు చేసిన సమ్మె వలస పాలన చివరి రోజుల్లో దేశాన్ని కదిలించిన సమ్మెల్లో ఒకటి. 1968 సెప్టెంబరు 19న అవసరాలకు తగిన కనీస వేతనం కోసం కేంద్ర ప్రభుత్వోద్యోగులు ఒకరోజు సమ్మె చేసినప్పుడు కూడా వాళ్లు పాల్గొన్నారు. 1985లో ఆ శాఖ తపాలా, టెలికం శాఖలుగా రెండయింది. 1986లో ఢిల్లీ, బొంబాయి టెలిఫోన్లు మహానగర్ టెలిఫోన్ నిగమ్ కింద, విదేశీ సర్వీసులు విదేశ్ సంచార్ నిగమ్ కింద వేరుపడ్డాయి. 1994 జాతీయ టెలికం విధానం ప్రైవేటు కంపెనీలకు తలుపు తీసింది. 2000 అక్టోబరు 1న ఢిల్లీ, బొంబాయి తప్ప మిగిలిన దేశమంతటి ప్రభుత్వ టెలిఫోన్ సర్వీసు భారత్ సంచార్ నిగమ్ అనే కంపెనీ అయింది. 2002లో విదేశ్ సంచార్ నిగమ్ టాటాల చేతికి వెళ్లింది.

భారత్ సంచార్ నిగమ్‌ను మాత్రం ఎవరికీ అమ్మలేదు. ఈ సంగతి స్పష్టంగా చెప్పుకోవాలి. ఎందుకంటే అమ్మకం జరిగి ఉంటే మన కథకులకు పని సులువయ్యేది. ఒక తేదీ, ఒక కొనుగోలుదారు, ఒక ద్రోహం దొరికేవి. ఇక్కడ జరిగింది అమ్మకం కన్నా నిదానమైన పని.

సెల్‌ఫోను ఈ దేశంలో 1995లో మొదలైంది. అది ప్రైవేటు కంపెనీల చేతుల్లో మొదలైంది. భారత్ సంచార్ నిగమ్ ఆ రంగంలో అడుగుపెట్టింది 2002 అక్టోబరులో. ఏడేళ్లు వెనకబడి కూడా ఆ సంస్థ 2004-05లో 10 వేల కోట్ల రూపాయలకు పైగా లాభం చూపింది. 2009-10 నుంచి నష్టాలు మొదలయ్యాయి. 2010లో ప్రైవేటు కంపెనీల వేలం పాట పలికిన ధరకు సమానంగా స్పెక్ట్రమ్ కోసం సుమారు 18,500 కోట్లు కట్టవలసి వచ్చింది. 9 కోట్లకు పైగా మొబైల్ లైన్ల పరికరాల టెండరు రద్దయింది. ప్రైవేటు కంపెనీలు 2012 నుంచే నాలుగో తరం సర్వీసు ఇస్తుంటే, ఈ సంస్థకు ఆ స్పెక్ట్రమ్ ఇవ్వాలని కేంద్ర మంత్రివర్గం తీర్మానించింది 2019 అక్టోబరులో. దేశవ్యాప్తంగా ఆ సర్వీసును ప్రారంభించింది 2025 సెప్టెంబరు 27న. కాళ్లకు బంధం వేసి పరుగెత్తమని, ఓడిపోయాక సోమరివని పేరు పెట్టినట్టయింది.

ఆ 2019వ సంవత్సరమే మన కథకు కాలం. ఫిబ్రవరి జీతాలు ఆలస్యమయ్యాయి. 2017 జనవరి 1 నుంచి రావలసిన వేతన సవరణ వాయిదా పడుతూ ఉంది. కాంట్రాక్టు కార్మికులకు నెలల తరబడి కూలి అందడం లేదని దేశంలో చాలాచోట్ల నుంచి వార్తలు వచ్చాయి. అక్టోబరు 23న మంత్రివర్గం పునరుద్ధరణ పథకం ప్రకటించింది. అందులో ఒక భాగం 50 ఏళ్లు నిండినవారికి స్వచ్ఛంద పదవీ విరమణ. నవంబరు 4 నుంచి డిసెంబరు 3 వరకు గడువు. 78 వేల మందికి పైగా ఒప్పుకున్నారు. 2020 జనవరి 31 సాయంత్రం వాళ్లంతా ఒక్కసారిగా బయటికి వచ్చారు. సంస్థ సిబ్బందిలో దాదాపు సగం. మహానగర్ టెలిఫోన్ నిగమ్‌లో మరో 14 వేల మందికి పైగా.

ఒక్క సాయంత్రం దేశంలో 90 వేల పైచిలుకు ఉద్యోగాలు ఖాళీ అయ్యాయి. ఏ గేటుకూ తాళం పడలేదు. ఎక్కడా లాఠీ లేవలేదు.

పాలకులు చెప్పిన లెక్క ఒకటుంది. ఈ సంస్థ ఆదాయంలో సుమారు నాలుగింట మూడు వంతులు జీతాలకే పోతోందనీ, ప్రైవేటు కంపెనీల్లో అది నూటికి పదిలోపేననీ. ఈ లెక్కలో అబద్ధం లేదు. కాని లెక్కలోకి రానిది ఒకటుంది. ప్రైవేటు కంపెనీకి గొయ్యి తీసి కేబుల్ వేసే మనిషి, టవరు ఎక్కే మనిషి జీతాల పద్దులో కనపడడు. గుత్తేదారు బిల్లులో కనపడతాడు. అంటే చౌకగా మారింది పని కాదు, మనిషి. విరమణ పథకం తర్వాత ఈ సంస్థలో కూడా లైన్ల నిర్వహణను ప్రాంతాలవారీగా గుత్తకిచ్చే పద్ధతి వచ్చింది. గుత్త అనే మాట కృష్ణా డెల్టా పాఠకుడికి కొత్తగా నేర్పనక్కరలేదు.

ఇంకొక నిజం కూడా చెప్పాలి. పాత టెలిఫోను రోజులు బంగారు రోజులేమీ కావు. ఫోను కోసం దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసిన తరం మా నాన్నగారిది. పెద్దాయన కథలో కూడా లైన్‌మన్ దసరాకు ఇల్లిల్లూ తిరిగి మామూళ్లు పుచ్చుకుంటాడు. ఆయన దాన్ని దాచలేదు. సెల్‌ఫోను చవకై పాలేరు చేతికి కూడా వచ్చినందుకు సంతోషించనివాడు ప్రగతివాది కాడు. మన ప్రశ్న అది కాదు. ఆ చవకదనం ఖర్చు ఎవరి పద్దులో రాశారన్నది మన ప్రశ్న.

3

ఇంత జరిగితే మన కథలో ఎందుకు కనపడదు?

తంతి, టెలిఫోను తెలుగు కథకు కొత్తవి కావు. కాని అవి ఏ పని మీద వస్తాయో గమనించండి. మన కథల్లో తంతి చావు కబురు తెస్తుంది. కథను మలుపు తిప్పి వెళ్లిపోతుంది. ఆ తంతిని కొట్టిన గుమస్తాకూ, తెచ్చిన బంట్రోతుకూ ముఖం లేదు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమ శవాల మీద మన కవులు కన్నీరు పెట్టారు. పెట్టవలసిందే. కాని కూలిన స్తంభాలు నిలబెట్టి, బురదలో తీగలు లాగి, ఆ సీమను మళ్లీ లోకంతో కలిపిన కూలీల మీద నేను చదివినంతలో ఒక్క కథ లేదు. 2013 జులైలో టెలిగ్రాం సర్వీసు ఆగిపోయినప్పుడు జ్ఞాపకాల వ్యాసాలు కుప్పలుగా వచ్చాయి. అవన్నీ తంతి అందుకున్నవాళ్ల జ్ఞాపకాలే. మనం తీగకు ఈ చివర నిలబడి రాశాం.

ఇది ఒక కారణం. రెండో కారణం మన నమూనా. మన కార్మిక కథకు ఒక రంగస్థలం స్థిరపడిపోయింది. ఫ్యాక్టరీ గేటు, నోటీసు బోర్డు, లాకౌటు, సమ్మె, లాఠీచార్జి, చివర ఎర్రబారే తూరుపు. ఈ నమూనా ఊరికే పుట్టలేదు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ జరిగిననాటి నుంచీ శ్రమజీవిని కథానాయకుణ్ని చెయ్యడానికి మన పెద్దలు పోరాడి సాధించుకున్నది. సింగరేణి మీద అల్లం రాజయ్య కథల్లో పోరాటం సజీవంగా కనిపించిందంటే, అక్కడ వస్తువే అలా ఉంది. గని ఒకచోట ఉంది. వందలమంది ఒకే షిఫ్టులో దిగుతారు. ఎదుటివాడెవడో కంటికి కనపడతాడు.

టెలిఫోను కార్మికుడి స్థితి అది కాదు. అతను ఒంటరిగా సైకిలు మీదనో మోపెడ్ మీదనో ఊళ్లు తిరుగుతాడు. అతని ఫ్యాక్టరీ ఒక కాలువగట్టు. అతన్ని ఉద్యోగం నుంచి తప్పించినది మేనేజరు కాదు, అతని దరఖాస్తే. గేటు లేనిచోట గేటు మీటింగు పెట్టమని కథకుణ్ని అడగడం వస్తువును శిల్పానికి బలి ఇవ్వడం. వస్తువే రూపాన్ని నిర్ణయిస్తుందని మనం క్లాసుల్లో, సభల్లో చెబుతాం. తీరా విమర్శకు కూర్చునేసరికి రూపాన్ని ముందే తయారుచేసుకుని, వస్తువును అందులో కుక్కమంటున్నాం. దీనికి వర్గదృక్పథమని పేరు పెట్టుకున్నాం. నిజానికి ఇది ఒకరకం రూపవాదమే.

మూడో కారణం భాష. మనం పాలకవర్గాల చర్యలను వ్యతిరేకిస్తూ వాళ్ల మాటలనే వాడుతున్నాం. "సంస్కరణ" అన్న మాట చూడండి. వీరేశలింగం కాలంలో ఆ మాటకు వితంతువు నుదుట బొట్టు అని అర్థం. నేడు ఆ మాట వినగానే ఉద్యోగి గుండెలు గుబేలుమంటాయి. "మిగులు సిబ్బంది" అంటారు. ధాన్యం మిగులుతుంది, నీరు మిగులుతుంది. పనిచేస్తున్న మనిషి మిగులు ఎలా అవుతాడు? అన్నిటికన్నా పెద్దమాట "స్వచ్ఛంద". స్వ అంటే తన, ఛందం అంటే ఇచ్ఛ. తన ఇచ్ఛ కొద్దీ చేసింది స్వచ్ఛందం. ఆలస్యమైన జీతం, రాని వేతన సవరణ, మూసేస్తారన్న పుకారు, పక్క బల్లవాడు అప్పటికే పెట్టిన సంతకం, వీటన్నిటి మధ్య పుట్టిన ఇచ్ఛ ఎవరిది? పద్యం రాసేవాడికి తెలుసు, గణాలు ముందే నిర్ణయమై ఉంటాయి, కవి పూరిస్తాడంతే.

నేను ఆ రోజు గోష్ఠిలో చేసిన అసలు తప్పు ఇక్కడ ఉంది. "అతను లొంగిపోయాడు" అన్నాను. అంటే అతని ముందు నిజంగా రెండు దారులున్నాయని, వాటిలో ఒకటి అతను ఇష్టపడి ఎంచుకున్నాడని ఒప్పుకున్నాను. సర్కారు కాగితం మీద రాసిన "స్వచ్ఛంద" అన్న మాటను అభ్యుదయ విమర్శకుణ్నయిన నేను అక్షరాలా నమ్మాను. పెద్దాయన నమ్మలేదు. అందుకే ఆయన లెక్కను పూర్తిగా రాశారు. 29 ఏళ్లకు 1015 రోజులు, 7 ఏళ్లకు 175 రోజులు, మొత్తం 1190 రోజుల జీతం. దాదాపు 40 నెలలది. మిగిలిన ఉద్యోగం 84 నెలలు. పెన్షను ఎలాగూ వస్తుంది. చేతికి డబ్బు వస్తే పిల్ల పెళ్లి గట్టెక్కుతుంది. ఉంటే రేపు జీతం వస్తుందో రాదో. ఈ లెక్కలో ఎక్కడా పొరపాటు లేదు. లెక్క సరిగ్గా ఉండటమే అందులోని దారుణం.

4

లెక్క సరిగ్గా ఉండి మనిషి నాశనమయ్యే కథ తెలుగులో లేదా? ఉంది. దాన్ని మనం తలమీద పెట్టుకున్నాం గాని, దాని పాఠం మాత్రం మరిచాం.

కాళీపట్నం రామారావు మాస్టారి "యజ్ఞం"లో అప్పల్రాముడి అప్పు తగువు ఊరి పెద్దల ముందు నడుస్తుంది. శ్రీరాములునాయుడు దుర్మార్గుడు కాడు. గోపన్న షావుకారు కత్తి పట్టుకు తిరిగేవాడు కాడు. అందరూ న్యాయమే మాట్లాడతారు. పత్రం ఉంది, లెక్క ఉంది, సాక్షులున్నారు. అప్పల్రాముడు ఒప్పుకుంటాడు కూడా. ఆ ఒప్పుదలకు ఫలితమేమిటో సీతారాముడు తన పసిబిడ్డను నరికి చూపించినప్పుడు గాని ఊరికి తెలియదు. ఆ ముగింపు మీద దశాబ్దాలు వాదించుకున్నాం. కథలో అధిక భాగం ఆక్రమించిన ఆ తగువునూ, ఆ ఓపికైన లెక్కనూ తక్కువ చూశాం. రచయిత లెక్కల మాస్టారు కావడం యాదృచ్ఛికమే కావచ్చు. కాని దోపిడీ బలప్రయోగంతో కాకుండా అంగీకారంతో, న్యాయంగా, అందరి సమక్షంలో ఎలా జరుగుతుందో చూపించే రూపాన్ని ఆయన మనకు అర్ధశతాబ్దం కిందటే ఇచ్చారు. సంతకం పెట్టి పోయిన ఉద్యోగాన్ని రాయడానికి కావలసిన శిల్పం మన ఇంట్లోనే ఉంది.

అలాగే చట్టం మాట్లాడే భాషను రావిశాస్త్రి విప్పి చూపించారు. అదే చేత్తో ఆఫీసు సర్క్యులరు భాషను విప్పవలసి ఉంది.

బయటి ప్రపంచం నుంచి కూడా ఒక ఉదాహరణ చెబుతాను. వస్తువు సరిగ్గా ఇదే గనక. ఫ్రాన్స్ ప్రభుత్వ టెలిఫోన్ సంస్థ ఫ్రాన్స్ టెలికాంలో 1997 నుంచి వాటాల అమ్మకం మొదలైంది. 2004 నాటికి ప్రభుత్వ వాటా సగం కన్నా తగ్గింది. ఉద్యోగుల్లో చాలామందికి ప్రభుత్వోద్యోగుల హోదా ఉంది. తీసెయ్యడానికి వీల్లేదు. అయినా 22 వేల మందిని తగ్గించాలని యాజమాన్యం 2006లో పథకం వేసింది. తలుపులోంచైనా కిటికీలోంచైనా పంపిస్తానని సంస్థ అధిపతి అధికారుల సభలో అన్నాడు. తీసెయ్యలేదు. బదిలీలు చేశారు, పని మార్చారు, పని లేకుండా కూర్చోబెట్టారు, వాళ్లంతట వాళ్లే వెళ్లేట్టు చేశారు. కోర్టు విచారించిన 39 మంది కేసుల్లో 19 ఆత్మహత్యలు. 2019 డిసెంబరు 20న పారిస్ కోర్టు ఆ అధిపతినీ మరికొందరినీ దోషులని తేల్చింది. సంస్థ మొత్తంగా అమలుచేసే విధానం కూడా ఉద్యోగిపై నేరపూరితమైన వేధింపు కావచ్చునని ఆ దేశ అత్యున్నత న్యాయస్థానం 2025 జనవరిలో స్థిరపరిచింది. మన దేశంలో విరమణ పథకం గడువు ముగిసిన 17 రోజులకు వచ్చింది ఆ మొదటి తీర్పు.

రెండు దేశాల పరిస్థితులు ఒకటి కావు. మన పథకంలో డబ్బు ఇచ్చారు, పెన్షను ఇచ్చారు. అక్కడి వేధింపు ఇక్కడ జరిగిందని నేను అనడం లేదు. నేను చెప్పదలుచుకున్నది రచయితల సంగతి. 2019 మే నుంచి జులై వరకు ఆ విచారణ జరిగినన్నాళ్లూ ఒక కార్మిక సంఘం పిలుపు మీద రోజుకొకరు చొప్పున రచయితలు, కళాకారులు, పరిశోధకులు కోర్టులో కూర్చుని చూసింది చూసినట్టు రాశారు. మరుసటేడు అది పుస్తకంగా వచ్చింది. వాళ్లు ఉద్యమాన్ని కల్పించలేదు. కోర్టు గదిలో వినిపించిన మాటలను, ఆఫీసు కాగితాల భాషను పట్టుకున్నారు.

2020 జనవరి 31 సాయంత్రం విజయవాడలో ఏ టెలిఫోను ఎక్స్ఛేంజి ముందైనా మనలో ఒక్కరు నిలబడి ఉంటే ఎంత చూసేవాళ్లం! ఆ ఊళ్లోనే మన ప్రచురణ సంస్థలున్నాయి, మన సభలు జరుగుతాయి. ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో ఆ సాయంత్రం కూడా మనం ప్రపంచీకరణ గురించే మాట్లాడుకుని ఉంటాం.

5

ఇప్పుడు ఆ రాతప్రతి దగ్గరికి తిరిగి వస్తాను. తీర్పు ఉపసంహరించుకోవడమంటే పొగడ్త చెప్పడం కాదు. ఆ కథలో లోపాలున్నాయి. ఆ రోజు నేను చూడవలసినవి అవీ, చూడనివి అవీ.

మొదటి భాగంలో కేబుళ్ల వివరం ఎక్కువైంది. భార్య లెక్క వేసే చోట తప్ప ఇంకెక్కడా లేదు. ఈ రెండూ చిన్నవి. అసలు లోపం కుర్రాడి దగ్గర ఉంది. 14 ఏళ్లు పనిచేశాక కూడా కథలో అతను కుర్రాడే. 20 ఏళ్ల వయసులో పనిలోకి వచ్చాడనుకున్నా ఇప్పటికి 34 ఏళ్లు. పెళ్లయి ఉండాలి, పిల్లలుండాలి. అతనికి పేరు లేదు. ఇల్లు లేదు. కూలి ఎన్ని నెలలు బాకీ ఉందో కథలో లేదు. లైన్‌మన్ లెక్క ప్రతి రోజుకూ తేలింది. కుర్రాడి లెక్క ఎవరూ వెయ్యలేదు.

సంఘర్షణ లేదన్నాను. ఉంది. సంతకం పెట్టి పోగొట్టుకున్నవాడికీ, పోగొట్టుకోవడానికి సంతకమైనా లేనివాడికీ మధ్య ఉంది. కృష్ణా డెల్టాలో నోటిమాట మీద కౌలు చేసే రైతును చూసినవాడికి ఈ మనిషి తెలియనివాడు కాడు. పంట పోతే పరిహారం పట్టాదారుకు వస్తుంది. మట్టిలో దిగినవాడి దగ్గర కాగితం ఉండదు. టెలిఫోను గోతిలో దిగినవాడి దగ్గరా లేదు. రచయిత చివరి వాక్యంలో ఆ నిజాన్ని తాకారు. తాకి, అక్కడే ఆగిపోయారు. కథ ఆ వాక్యం దగ్గర ముగియకూడదు. నిజానికి అక్కణ్నుంచి మొదలుకావాలి. ఆ రోజు నేను చెప్పవలసిన మాట ఇది. దాని బదులు ఎర్రజెండా ఎక్కడుందని అడిగాను.

ఇక్కడ మనం మనల్నీ ప్రశ్నించుకోవాలి. పర్మినెంటు ఉద్యోగుల హక్కుల గురించి మాట్లాడినంత గట్టిగా వాళ్ల పక్కనే గొయ్యి తీసినవాడి గురించి మాట్లాడామా? కథకుడికి కనపడని ఇల్లు ఉద్యమానికి కనపడిందా? ఈ ప్రశ్న నేను బడిపంతులుగా కూడా వేసుకుంటున్నాను. మా బడుల్లో కూడా ఒకే పాఠం చెప్పి వేర్వేరు జీతాలు తీసుకునేవాళ్లున్నారు.

దసరా సెలవుల్లో కరకట్ట మీదుగా బస్సులో అవనిగడ్డ వెళ్లి పెద్దాయన్ని కలిశాను. నేను తప్పు చెప్పానని ఒప్పుకున్నాను. కుర్రాడి సంగతి కూడా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "మీరు గోష్ఠిలో అన్నదానికి నాకు బాధ కలిగింది గాని, ఇప్పుడన్నదానికి సిగ్గేస్తోంది మాస్టారూ. పద్నాలుగేళ్లు ఆ అబ్బాయి మా ఇంట్లో అన్నం తిన్నాడు. నేను వాళ్లింటి గడప ఒక్కసారీ తొక్కలేదు. వాళ్లావిడ పేరు కూడా తెలియదు నాకు."

కథ అచ్చుకు ఇమ్మని అడిగాను. ఇవ్వలేదు. ముందు ఆ అబ్బాయి ఇప్పుడెక్కడ ఉన్నాడో కనుక్కుంటానన్నారు. ఆటో నడుపుతున్నాడని ఒకరు చెప్పారట, చేపల చెరువుల మీద కాపలా ఉన్నాడని ఇంకొకరు చెప్పారట.

రచయిత మిత్రులకు నా విన్నపం ఒక్కటే. టెలిఫోను కార్మికులు మన ఊళ్లలోనే ఉన్నారు. విరమణ తీసుకున్నవాళ్లు వీధి అరుగుల మీద దొరుకుతారు. కాగితం లేనివాళ్లను మాత్రం వెతకాలి. వాళ్లు చెప్పేది మన నమూనాలో ఇమడకపోతే నమూనాను పక్కన పెట్టండి. విమర్శకులు అడ్డం వస్తే, నాతో సహా, వాళ్లనూ పక్కన పెట్టండి. పెద్దాయన ఆ ఇంటి గడప తొక్కి వచ్చి, కథ తిరగరాసి తెస్తే ఈసారి చివరిదాకా విని గాని నోరు విప్పను.